నీటి మీద తాటిచెట్టు ఎక్కడిది?

సంపాదకుడికి,

అయ్యా,

పిడుగుల చావులు తగ్గించడానికి ఒడిశా ప్రభుత్వం 2024లో లక్షల తాటి మొక్కలు నాటే పని పెట్టుకుంది, ఎత్తైన చెట్టు పిడుగును తన మీదికి తీసుకుంటుందని. మంచిదే. పొలంలో ఉన్నవాడికి పనికొస్తుంది, అదీ మొక్క ఎదిగాక, పదిహేను ఇరవై ఏళ్లకు. గోపాలపూర్, ఆర్యపల్లి, సోనాపూర్ రేవుల నుంచి తెరచాప ఎత్తి వేటకెళ్లే మనవాళ్ల సంగతేమిటి? నీటి మీద అన్నిటికన్నా ఎత్తుగా నిలబడేది వాళ్ల తెరచాప కొయ్యే. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అంటే కుదరదు.

పైగా కాలం చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట బంద్. మోటారు లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు. కాలబైశాఖి (వేసవి గాలివాన) ఉరుములు దిగేదీ ఏప్రిల్, మే సాయంత్రాలే. పెద్ద బోట్లు గట్టున ఉండే రోజుల్లోనే తెరచాప తెప్పలు మబ్బు కింద ఉంటున్నాయి.

‘కొయ్య వెదురుది, తెప్ప ఫైబరుది, కరెంటు పారదులే’ అనే ధీమా రేవుల్లో ఉంది. పిడుగు చూసేది ఎత్తును. ఉప్పునీటికి తడిసిన వెదురులో పిడుగు దిగితే లోపలి చెమ్మ ఒక్కసారిగా ఆవిరై కొయ్య పేలిపోతుంది. కింద సరైన దారి లేకపోతే పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, లేదా ఫైబరు అడుగును తూట్లు పొడిచి నీళ్లలోకి పోతుంది. కాబట్టి దారి మనమే వేయాలి.

కొయ్య కొసన 10 మిల్లీమీటర్ల మందం రాగి కడ్డీ కట్టాలి. అది జెండా, ఏరియల్‌తో సహా అన్నిటికన్నా కనీసం 15 సెంటీమీటర్లు పైకి ఉండాలి. అక్కడి నుంచి 25 స్క్వేర్ ఎం.ఎం. రాగి కేబుల్ తిన్నగా కిందికి రావాలి. ఇంటి వైరింగుకు వాడే రెండున్నర ఎం.ఎం. వైరు పిడుగుకు ఆవిరైపోతుంది. కేబుల్‌ను ఎక్కడా మోచేతిలా మడవకూడదు. వంపు తిప్పాల్సి వస్తే 20 సెంటీమీటర్ల వ్యాసార్థానికి తగ్గకూడదు. మడత దగ్గర పిడుగు కేబుల్ వదిలేసి సూటిగా గాల్లోకి దూకుతుంది. ‘పిడుగును తరిమేస్తాయి’ అంటూ అమ్మే కుచ్చుల బ్రష్షులకు డబ్బు పెట్టొద్దు.

అసలు చిక్కంతా అడుగున ఉంది. ఉప్పునీటిలో కనీసం 30 సెంటీమీటర్ల చదరం రాగి పలక నీళ్లలో మునిగి ఉండాలి. మన తెప్పల్ని రోజూ ఇసుక మీద ఈడుస్తాం, అడుగున బిగిస్తే వారం తిరక్కుండా ఊడిపోతుంది. అందుకే పలకను కేబుల్‌కు బోల్టుతో బిగించి తెప్పలోనే పెట్టుకుని, ఉరుము వినగానే పక్కనుంచి నీళ్లలోకి దించడం మేలు. చదరం కన్నా పొడవాటి పట్టీ ఇంకా మంచిది: 10 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవు. రాగి దాదాపు అంతే, అంచు మాత్రం 120 సెంటీమీటర్ల నుంచి 220కి పెరుగుతుంది. కరెంటు నీళ్లలోకి ఎక్కువగా దిగేది అంచుల నుంచే. పలకకు రంగు పూయకూడదు. లంగరు గొలుసు వేలాడదీసి ఎర్తింగ్ అయిపోయిందనుకునేవాళ్లున్నారు. గొలుసులో ప్రతి లింకూ ఒక వదులు జాయింటే, తుప్పు పడితే మరీను.

రంభ, బాలుగాం వైపు చిలికాలో తిరిగే పడవలకు ఇంకో లెక్క. వానాకాలంలో ఏటి నీరు చేరి చిలికా ఉప్పదనం బాగా పడిపోతుంది. మంచినీటిలో కరెంటు అంత తేలిగ్గా పారదు. వేసవిలో చాలిన పట్టీ ఆగస్టుకు చాలదు, పడవకు అటొకటి ఇటొకటి వేయాలి. అప్పటికీ సముద్రంలో ఉన్నంత భరోసా ఉండదు.

జాయింట్లకు టంకం పనికిరాదు, వేడికి కరిగిపోతుంది. లగ్‌ను (కేబుల్ కొసకు తొడిగే లోహపు తొడుగును) క్రింపింగ్ పనిముట్టుతో నొక్కించి స్టెయిన్‌లెస్ బోల్టు వేయాలి. పచ్చని చిలుము కనబడితే విప్పి గీకాలి. మల్టీమీటర్ ఒక కొస కడ్డీకి, ఇంకో కొస పలకకు పెడితే ఒక ఓం లోపు చూపించాలి. మోటారు ఉన్న పడవైతే, కేబుల్‌కు రెండు మీటర్ల లోపున్న ఇంజనును, ఇనుప సామాను‌ను 16 స్క్వేర్ ఎం.ఎం. కేబుల్‌తో దీనికే కలపాలి.

ఇంత చేసినా చుక్కాని పట్టినవాడికి పూర్తి రక్షణ రాదు. కడ్డీ కొస నీటికి 5 మీటర్ల ఎత్తున ఉంటే నీటి మట్టం దగ్గర చుట్టూ 5 మీటర్ల దాకా దాని రక్షణ నీడ. పైకి వెళ్లేకొద్దీ ఆ నీడ తగ్గుతుంది. 9 మీటర్ల తెప్పలో కొయ్య ముందు నుంచి మూడో మీటరు దగ్గర ఉంటే వెనక కొస ఆరు మీటర్ల దూరం. అక్కడ నిలబడ్డవాడి తల నీటికి 2 మీటర్ల ఎత్తున ఉంటే, ఆ ఎత్తులో నీడ 3 మీటర్లే. కాబట్టి ఉరుము మొదలయ్యాక తెరచాప దించి, కొయ్యను నిలిపి ఉంచి, వెనకవాడు ముందుకు జరిగి వంగి కూర్చోవాలి. కొయ్యను, కేబుల్‌ను ముట్టుకోకూడదు. నీళ్లలో చెయ్యి పెట్టకూడదు.

మెరుపుకు, ఉరుముకు మధ్య మూడు సెకన్లకు కిలోమీటరు. ముప్పై సెకన్ల లోపు వినబడితే పిడుగు మీ దాకా వచ్చే దూరంలో ఉన్నట్టే. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా లేవొద్దు. పుణె ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) వాళ్ల పిడుగు హెచ్చరికల యాప్ ‘దామిని’ బయల్దేరే ముందే చూసుకోండి, లోపలికి వెళ్లాక సిగ్నల్ దొరకదు. అర్జునుడి పేర్లు చదువుకోండి, చదువుకుంటూనే పలక దించండి.

2015లోనే పిడుగును రాష్ట్ర విపత్తుగా గుర్తించిన ప్రభుత్వానికి మా విన్నపం ఒక్కటే. వలలకు, లైఫ్ జాకెట్లకు ఇచ్చే సబ్సిడీ జాబితాలో ఈ కడ్డీ, కేబుల్, రాగి పట్టీ చేర్చండి. తెప్పకు ఎన్ని మీటర్లు కావాలో కొలిచి ఇవ్వండి, అందరికీ ఒకే పొడవు ముక్క పంచితే సగం తెప్పలకు చాలదు. క్రింపింగ్ పనిముట్టు మాత్రం రేవుకు ఒకటి ఉంటే చాలు.

— పడవలు కట్టే పనివాళ్లు,
గోపాలపూర్, గంజాం జిల్లా, ఒడిశా