బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఒక వీల్‌చెయిర్ ఉంచండి

రాష్ట్ర రవాణా శాఖ మంత్రి శ్రీ మండిపల్లి రాంప్రసాద్ రెడ్డి గారికి,

కడప నుంచి నమస్కారాలు.

నేను కడపలో బండ్లకు సీట్లు కుట్టేవాణ్ణి. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. కార్లు, ఆటోలు, వ్యాన్లు, అప్పుడప్పుడు లారీ క్యాబిన్లు. రెగ్జిన్, ఫోము, దారం, బోల్టు, వీటితోనే నా రోజు గడిచిపోతుంది. మంత్రి గారికి ఉత్తరం రాయాల్సిన అవసరం వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఇంట్లోవాళ్లు కూడా "నీకెందుకు ఇవన్నీ" అన్నారు. అయినా రాస్తున్నా.

మా చెల్లెలు ఆరేళ్ల కిందట మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తూ అంచు మీద కాలు పెట్టి కింద పడింది. వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. అప్పటి నుంచి వీల్‌చెయిరే. ఆరు నెలలకోసారి వేలూరు ఆసుపత్రికి తీసుకుపోతాం. ప్రభుత్వం ఇచ్చే పింఛను ఆమెకు వస్తోంది, ఆ మేలు మరచిపోలేదు. కానీ ఒక్క వేలూరు ప్రయాణానికి రెండు నెలల పింఛను బండి బాడుగకే పోతుంది. నేను రాస్తున్నది బాడుగ గురించి కాదు లెండి, ఆ బండిలో ఆమె కూర్చునే తీరు గురించి.

రాయచోటి నుంచి ఎన్నికైన మీకు గువ్వలచెరువు ఘాటు గురించి నేను చెప్పేదేముంది. పోయిన వేసవిలో వేలూరు నుంచి తిరిగొస్తున్నాం. బాడుగ వ్యాను. మధ్య సీటు తీసేసి, చెల్లెల్ని కుర్చీతో సహా ఎక్కించాం. డ్రైవరు మంచి పిల్లోడే. కుర్చీకున్న రెండు బ్రేకులూ వేశాడు, నైలాన్ తాడు తెచ్చి కుర్చీ చక్రాన్ని వెనక సీటు కాలికి కట్టాడు. "ఏం గాదులే అన్నా, నిదానంగా పోనిస్తా" అన్నాడు. నేను కూడా సరేనన్నా. ఇరవై రెండేళ్లు బండ్ల సీట్లతోనే బతికినవాణ్ణి, ఆ తాడును చూసి కూడా సరేనన్నా. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేస్తుంది.

గువ్వలచెరువులో పాలకోవా కొన్నాం. పొట్లం చెల్లెలి ఒళ్లో ఉంది. కడప వైపు దిగుతుంటే మలుపులో ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. మావాడు బ్రేకు తొక్కాడు. గుద్దలేదు, ఎక్కడా గీత కూడా పడలేదు. అయినా తాడు కట్టిన చక్రం ఒక్కటే ఆగింది, కుర్చీ మాత్రం దాని చుట్టూ గిర్రున తిరిగింది. చెల్లెలు ముందు సీటు వెనక్కి కొట్టుకుని రెండు సీట్ల మధ్య ఇరుక్కుపోయింది. ఖాళీ అయిన కుర్చీ ఆమె వీపు మీద పడింది. పాలకోవా పొట్లం ముందు అద్దానికి తగిలి పగిలింది. ఆమెను ఎత్తి కూర్చోబెడితే "నాకేం కాలేదన్నా, కోవా పోయిందే" అని నవ్వింది.

ఆ రాత్రి ఒళ్లు తుడిచేటప్పుడు మా అమ్మ చూసింది. కుడి మోకాలు పైన బిందెలాగా వాచి ఉంది. కాలు కాలిపోతోంది. తొడ ఎముక విరిగింది. ఆమెకు తెలీలేదు, నొప్పి తెలిసే దారే లేదు కదా. నడవని కాళ్ల ఎముకలు పెళుసుబారతాయట, చిన్న దెబ్బకే విరుగుతాయట. మామూలు మనిషికైతే మోకాలు గీసుకుపోయే దెబ్బ అది. మాకు మూడు నెలల మంచం.

ఆ తర్వాత నేనే ఏదో ఒకటి చేద్దామనుకున్నా. దిట్టమైన నాడా కొని, మూడు వరసల కుట్టు వేసి, నాలుగు బెల్టులు తయారుచేశా. తెలిసినాయన పాత వ్యాను ఒకటి షెడ్డులో పడి ఉంటే, దాని అడుగు రేకుకు బోల్టులు దింపి, కింద వాషరు, నట్టు బిగించా. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఎందుకో అనుమానం వచ్చి, ఇంజను ఎత్తే చైన్ పుల్లీ తగిలించి లాగాం. నాలుగు సార్లు గొలుసు లాగగానే రేకు బొబ్బలాగా ఉబ్బింది. ఇంకో రెండు లాగులకు బోల్టు వాషరుతో సహా పైకి వచ్చేసింది. నా కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. నేను భయపడింది బెల్టు గురించి, మోసం చేసింది నేల.

వేలూరు రిహాబ్‌లో, అంటే ఇలా దెబ్బతిన్నవాళ్లను మళ్లీ బతుకులో నిలబెట్టే ఆసుపత్రిలో, ఒక థెరపిస్టు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది కాబట్టి ఇప్పుడు నాకు కొంత తెలుసు. వాహనంలో సీటుగా వాడే వీల్‌చెయిర్‌కూ, దాన్ని బిగించే బెల్టులకూ అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. కుర్చీకి ఐఎస్ఓ 7176లో 19వ భాగం, బెల్టులకు ఐఎస్ఓ 10542. బొమ్మ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గుద్దుకున్నట్టు ఆపి చూస్తారు. ఆ క్షణంలో పడే ఒత్తిడి దాదాపు 20 'జీ', అంటే ప్రతి కిలో బరువూ ఇరవై కిలోలై లాగుతుంది. మా చెల్లెలి కుర్చీ 18 కిలోలు, ఆమె 52. కుర్చీ ఒక్కటే 360 కిలోలై ముందుకు దూకుతుంది. ఆమె వెయ్యి కిలోలు దాటుతుంది. బ్యాటరీ కుర్చీ అయితే అదే వంద కిలోల దాకా ఉంటుంది, లెక్క మీరే వేసుకోండి. అంత బరువును నైలాన్ తాడుకు అప్పజెప్పి మేము కోవా తింటూ కూర్చున్నాం.

థెరపిస్టు చెప్పినదాంట్లో నాకు బాగా నాటిన మాట ఇది: కుర్చీని కట్టడం వేరు, మనిషిని కట్టడం వేరు. ముందు రెండు, వెనక రెండు బెల్టులు కుర్చీ ఫ్రేము గట్టి చోట పట్టుకోవాలి. చక్రానికి కట్టకూడదు, ఊడివచ్చే చేతి పట్టీకి, కాళ్లు పెట్టుకునే పలకకు కట్టకూడదు. మనిషికి విడిగా నడుము మీదుగా ఒకటి, భుజం మీదుగా ఒకటి బెల్టు ఉండాలి. అది బండికే బిగించి ఉండాలి. నడుము బెల్టు కటి ఎముక మీద ఆనాలి, పొట్ట మీదికి జారితే లోపల పేగులు నలుగుతాయి. కుర్చీతో పాటు వచ్చే గుండె పట్టీ ఒరిగిపోకుండా కూర్చోడానికే, గుద్దుడును ఆపడానికి పనికిరాదు. కుర్చీ ముందుకు చూస్తూ ఉండాలి. మన దగ్గర చోటు కలిసొస్తుందని అడ్డంగా పెడతారు, అలా పెడితే నడుము మెలితిరుగుతుంది. కుర్చీ బ్రేకు అంటారా, అది టైరును నొక్కి పట్టుకుంటుంది అంతే. ముందున్న చిన్న చక్రాలకు అది కూడా ఉండదు.

ప్రమాణం ప్రకారం చేసిన కుర్చీల మీద బెల్టు తగిలించే చోట కొక్కెం బొమ్మ ఉంటుందట. మా చెల్లెలి కుర్చీని తిరగేసి వెతికా. ఎక్కడా లేదు.

ఇంకో మాట. ఆ రిహాబ్ కథ మాలాగా అక్కడికి పోయేవాళ్లు చాలామంది చెప్పుకుంటారు. దాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలోనే నడుము కింద చచ్చుబడిపోయింది. తాను వీల్‌చెయిర్‌లో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో ఆ ఆసుపత్రి మొదలైంది. రోడ్డు ప్రమాదంలోంచి పుట్టిన ఆసుపత్రికి పోయి వస్తూ మేము రోడ్డు మీదే ఎముక విరగ్గొట్టుకున్నాం.

ఇక చట్టం సంగతి. మా బావమరిది లా చదివాడు, వాడు తీసిచ్చిన కాగితాలు నా ముందున్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ అన్ని రకాల రవాణా దివ్యాంగులకు అందుబాటులో ఉండాలంటోంది. వీలైనచోట, భద్రంగా ఉన్నచోట పాత వాహనాలను కూడా మార్చమంటోంది. దానికంటే నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటి. కేంద్ర రవాణా శాఖ 2019 డిసెంబరు 27న మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. బస్సుకు ఎఫ్‌సీ (బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేసేటప్పుడు దివ్యాంగుల సీట్లు, చేతికర్రలు పెట్టుకునే చోటు, పట్టుకునే కడ్డీలతో పాటు వీల్‌చెయిర్ ఎక్కించే, నిలిపే, లాక్ చేసే ఏర్పాటు కూడా చూడాలి. 2020 మార్చి 1 నుంచి అమలు.

సార్, నేను ఎఫ్‌సీకి పోయే బండ్లకు సీట్లు సర్దే మనిషిని. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూస్తారని చిరిగిన సీటు ముందు రోజు రాత్రి నా దగ్గరికి వస్తుంది. రిఫ్లెక్టరు స్టిక్కర్లు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, మంటలార్పే సిలిండరు, అన్నీ హడావుడిగా కొంటారు. "వీల్‌చెయిర్ లాక్ పెట్టన్నా, రేపు ఎఫ్‌సీ" అని ఇరవై రెండేళ్లలో ఒక్కరు కూడా నా షాపుకు రాలేదు. ఎవరినీ తప్పుపట్టడం లేదు. చూడని దాన్ని ఎవరూ చేయించరు.

అందుకే నేను అడిగేది ఇది. ఎఫ్‌సీ చేసే ప్రతి చోటా, ఆఫీసు మైదానమైనా యంత్రాలతో చూసే స్టేషనైనా, ఒక మామూలు వీల్‌చెయిర్ కొని ఉంచండి. బస్సు వస్తే కుర్చీని దాని చోట పెట్టి, బండివాళ్ల చేతే లాక్ వేయించండి. వేయడం వాళ్లకు రాకపోతే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత ఇద్దరు మనుషులు అటూ ఇటూ పట్టి లాగండి. టార్చి వేసుకుని బండి కింద కూడా దూరి చూడాలి. బోల్టు వెనక దిట్టమైన ప్లేటు ఉందా, ఛాసి (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) దాకా పట్టిందా, లేక నేను చేసినట్టు రేకుకే వేలాడుతోందా? చేత్తో లాగితే గుద్దుడుకు తట్టుకుంటుందని రుజువు కాదు, నాకు తెలుసు. దానికి పరీక్ష పాసైన సామానే వేయాలి. కానీ అసలు లేనివీ, పేరుకు తగిలించినవీ మాత్రం ఆ లాగుడులో బయటపడతాయి. ఒక కుర్చీ ఖర్చు మీ శాఖకు లెక్కలోకి రాదు.

బస్సుల తర్వాత వ్యాన్లు. ఆ సవరణ బస్సుల కోసం రాసింది. మాలాంటివాళ్లు వేలూరో తిరుపతో పోయేది బాడుగ వ్యానులో. మెడ నిలవని పిల్లల్ని, దివ్యాంగ పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రానికి తీసుకొచ్చే తల్లులు ఎక్కేది ఆటోలో. సీటు బెల్టు పెట్టుకోకపోతే మోటారు వాహనాల చట్టం 194బి కింద వెయ్యి రూపాయల ఫైను. మంచిదే. వీల్‌చెయిర్‌లో కూర్చున్న మనిషికి పెట్టుకోడానికి బెల్టే లేకపోతే ఆ ఫైను ఎవరు కట్టాలి? అదే చట్టంలో దివ్యాంగుల కోసం మార్చుకున్న వాహనానికి 52వ సెక్షన్ కింద దారి ఉంది. ఆ దారి ఎలా పోవాలో నాలాంటి పనివాడికి అర్థమయ్యేలా తెలుగులో రెండు పేజీలు అచ్చువేయించండి: ఏ సామాను వేయాలి, ఛాసికి ఎక్కడ బిగించాలి, ఎవరి దగ్గర చూపించి ఆర్‌సీలో రాయించుకోవాలి. జిల్లాకు నలుగురు పనివాళ్లకు మీరే నేర్పించి పేర్లు బోర్డు మీద పెట్టినా చాలు. మా షాపుల్లో చేతులు ఖాళీగా లేవు, కానీ నేర్చుకోడానికి వస్తాం.

డ్రైవర్లకు కూడా ఒక పూట నేర్పించాలి. ఆ వ్యాను పిల్లోడు చెడ్డవాడు కాదు, వాడికి ఎవరూ చెప్పలేదు. 108లో స్ట్రెచరు నేలకున్న లాక్‌లో టక్కున కూర్చోవడం వాడు ఎన్నోసార్లు చూసే ఉంటాడు. కుర్చీకి కూడా అలాంటిది ఉండాలని వాడికి తోచలేదు. నాకే తోచలేదు మరి.

నా బెల్టులు చూసినప్పుడు మా చెల్లెలు ఒక మాట అంది: "లారీలో సామాను కట్టినట్టు కడతావా నన్ను?" అప్పుడు నవ్వేశా. తర్వాత ఆలోచిస్తే ఆమె కోపం కట్టడం మీద కాదని తెలిసింది. పక్కన కూర్చున్న మేమందరం మామూలు సీటు బెల్టుతో ఉంటే, ఆమెకొక్కదానికే తాళ్లు, ముళ్లు, పైగా "గట్టిగా పట్టుకో అమ్మీ" అని అరుపులు. సరైన సామాను ఉంటే ఆమె కూడా మాలాగే టక్కున బెల్టు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ వస్తుంది.

వచ్చే నెల మళ్లీ వేలూరు పోవాలి. ఈసారి ఆమెను కుర్చీలోంచి ఎత్తి, బండి సీటులోనే కూర్చోబెట్టి బెల్టు పెడతాం. అలా కూర్చోగలిగినవాళ్లకు అదే మంచిదని థెరపిస్టు కూడా చెప్పింది. మడిచిన కుర్చీని వెనక గట్టిగా కట్టేస్తాం, వదిలేస్తే అది కూడా ఎగిరొచ్చి తగులుతుంది. ఎత్తడానికి ఇద్దరం కావాలి. అమ్మ నడుము ఇప్పుడు సహకరించడం లేదు, కాబట్టి నాతో పాటు షాపులో పిల్లోణ్ణి తీసుకుపోతున్నా. ఆ రెండు రోజులూ షాపు మూసే ఉంటుంది.

మిగతా రోజుల్లో తెరిచే ఉంటుంది. మీ అధికారులు ఎప్పుడైనా ఇటు వస్తే ఒకసారి లోపలికి రమ్మనండి. చైన్ పుల్లీతో లాగినప్పుడు చిరిగిన రేకు ముక్క, దానికి బోల్టు, వాషరు అలాగే ఉన్నాయి. కుట్టు మిషను పక్కన మేకుకు తగిలించి పెట్టా. చూపిస్తాను.

ఇట్లు,
సీట్లు కుట్టేవాడు,
కడప