వార్షిక నివేదిక: నెలసరి పరిశుభ్రతపై మన సంఘం ఈ ఏడాది చేసిన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన తీర్మానం మేరకు ఈ ఏడాది మహిళా విభాగం నెలసరి పరిశుభ్రతనే ప్రధాన కార్యక్రమంగా చేపట్టింది. మిగతా కార్యక్రమాలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలు, జమాఖర్చులు అనుబంధంలో ఉన్నాయి.

మే 28న, ప్రపంచ రుతుస్రావ పరిశుభ్రతా దినోత్సవం నాడు మొదటి సమావేశం జరిపాం. 2014 నుంచి ఏటా ఆ తేదీన ఈ దినోత్సవం జరుగుతోంది. ఉపన్యాసాలకు బదులు ఒక ప్యాడ్‌ను కత్తెరతో కోసి, పొరలు విడదీసి అందరికీ చూపించాం. చర్మానికి తగిలే పలుచని పై పొర, మధ్యలో కలప గుజ్జుతో చేసిన దూదిలాంటి పదార్థం, అందులో తడి తగలగానే ఉబ్బి జెల్‌గా మారే రేణువులు, అడుగున తడిని బయటికి రానివ్వని ప్లాస్టిక్ పొర. ఏళ్ల తరబడి వాడుతున్న వస్తువు లోపల ఏముందో చాలామంది అప్పుడే మొదటిసారి చూశారు. ఆ తర్వాత ప్రశ్నలు ఆగలేదు.

అందరికంటే ముందు వచ్చిన ప్రశ్న: ఇంత పీల్చుకునే ప్యాడ్‌ను రోజంతా ఉంచుకుంటే తప్పేమిటి? మరక పడకపోవడం వేరు, చర్మం క్షేమంగా ఉండడం వేరు. తడి, వేడి, రాపిడి గంటల తరబడి కలిసి ఉంటే దురద, దద్దుర్లు, దుర్వాసన మొదలవుతాయి. అందుకే స్రావం తక్కువగా ఉన్న రోజుల్లో కూడా నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చుకోవాలని సమావేశానికి వచ్చిన వైద్యురాలు గట్టిగా చెప్పారు. రాత్రి పడుకునే ముందు కొత్తది పెట్టుకుని, లేవగానే మార్చుకోవాలి. ఏ కంపెనీ ప్యాడ్ అన్నదానికంటే ఎప్పుడు మార్చుకుంటున్నాం అన్నదే ముఖ్యమని మా విభాగం నమ్ముతోంది.

ఎంపిక విషయానికి వస్తే, లావుగా ఉన్నదే ఎక్కువ పీలుస్తుందన్న నమ్మకం సరికాదు. పలుచని ప్యాడ్‌లోనూ జెల్ రేణువులు తగినన్ని ఉంటే బాగానే పీలుస్తుంది. పొడవు చూసుకోవలసింది ముఖ్యంగా రాత్రి కోసం. పడుకున్నప్పుడు స్రావం వెనక్కి పారుతుంది. రెక్కలున్నవి కదలకుండా నిలుస్తాయి కానీ, తొడలు ఒరుసుకునేవారికి ఆ రెక్కలే ఇబ్బంది కావచ్చు. మొదటి రెండు రోజులకూ చివరి రోజులకూ ఒకే రకం వాడనక్కరలేదు. సువాసన కలిపిన ప్యాడ్లు మాత్రం అసలు వద్దని మా అభిప్రాయం. ఆ పరిమళ ద్రవ్యాలు చర్మంపై దురద, మంట రేపవచ్చు. బయటి భాగాన్ని మామూలు నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడుక్కుంటే చాలు. యోని లోపల మేలు చేసే సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుంటాయి. లోపల కడిగితే వాటికే హాని.

గుడ్డ వాడే సభ్యులు మొదట మాట్లాడడానికి సంకోచించారు. వారికి మేము చెప్పింది ఒకటే: గుడ్డ తప్పు కాదు, తడి ఆరని గుడ్డ ప్రమాదం. మొదట చల్లటి నీళ్లలో నానబెట్టాలి. వేడి నీళ్లు పోస్తే రక్తపు మరక గట్టిపడుతుంది. సబ్బుతో ఉతికి, నేరుగా ఎండ తగిలేచోట పూర్తిగా ఆరనివ్వాలి. ఎవరూ చూడకూడదని మూలన, ఇతర బట్టల కింద ఆరేయడం వల్లే గుడ్డ సరిగా ఆరదు. ఆరేసే తీగ ఎక్కడ ఉండాలో ఇంటిల్లిపాదీ కలిసి నిర్ణయించుకోవలసిన విషయం ఇది. అందుకే తర్వాతి సమావేశానికి తండ్రులను, అన్నదమ్ములను కూడా పిలిచాం. వచ్చినవారు శ్రద్ధగా విన్నారు.

మెన్‌స్ట్రువల్ కప్పుల (యోని లోపల పెట్టుకుని స్రావాన్ని పట్టే, కడిగి మళ్లీ వాడుకునే చిన్న కప్పులు) గురించి ఒక పూట మాత్రమే మాట్లాడాం. ఆసక్తి ఉన్నవారికి మరో సమావేశం అవసరం.

వైద్యురాలు చెప్పిన హెచ్చరికలను ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఒక నెలసరిలో సాధారణంగా పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 80 దాటితే అధిక స్రావం. ఇంట్లో కొలవలేం కాబట్టి ప్యాడ్లనే గమనించాలి. వరసగా కొన్ని గంటలపాటు గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, స్రావం ఏడు రోజులు మించినా, పెద్ద రక్తపు గడ్డలు పడుతున్నా, ఆయాసం, నీరసం తగ్గకపోయినా వైద్యులను కలవాలి. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతకు అధిక స్రావం ఒక ముఖ్య కారణం. "ఆడవాళ్లకు మామూలే" అని సర్దుకుపోకండి.

వాడిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి మూత ఉన్న చెత్తబుట్టలో వేయాలి. మరుగుదొడ్డిలో వేస్తే అది ఉబ్బి గొట్టాలు మూసుకుపోతాయి.

వచ్చే ఏడాదికి మీ ఆమోదం కోరుతున్నవి: (1) సంఘ భవనం మరుగుదొడ్డికి లోపలి గడియ, సబ్బు, మూత ఉన్న బుట్ట, బట్టలు తగిలించుకునే కొక్కెం; (2) అత్యవసరానికి రెండు పరిమాణాల ప్యాడ్లు ఎవరినీ అడగకుండా తీసుకునేలా ఒక అర; (3) నెలసరి మొదలుకాని బాలికలకు, వారి తల్లులకు కలిపి ఒక సమావేశం. ఈ మూడింటిపై సర్వసభ్య సమావేశంలో విడివిడిగా ఓటింగ్ ఉంటుంది.

కార్యదర్శి, మహిళా విభాగం