ఆ ఫోన్ ఎత్తిన అమ్మగారికి

అందరికీ వందనాలు. రెండు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. రేపు రాద్దాంలే అనుకుంటే మర్యాదగా, పొడిపొడిగా నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటానని తెలుసు. అందుకే ఇప్పుడే కూర్చున్నాను. ఒక గొడవలో క్షమించడం ఎలాగో నేర్పిన ఒకావిడకి కృతజ్ఞతలు చెప్పుకోవడానికే ఇది.

గొడవ ఏమిటి, ఎవరితో అన్నది ఇక్కడ రాయను. అది నా ఒక్క మనిషిది కాదు. ఇంట్లోవాళ్లకి కృతజ్ఞతలు చెబితే నవ్వుతారు, కాబట్టి వాళ్ల సంగతి అంతే. రాయాల్సింది ప్రార్థన సహాయం నంబరుకి చేస్తే ఫోన్ ఎత్తిన ఒక అమ్మగారి గురించి. పేరు అడిగితే "పేరుతో ఏం పని నాన్నా, సంగతి చెప్పు" అన్నారు. మొత్తం నాలుగు ఫోన్లు. ముఖం ఇప్పటికీ తెలియదు.

మొదటి ఫోన్‌లో ఆవిడ నోట "క్షమించు" అనే మాటే రాలేదు. అంతా విని, "సరే, బాకీ ఎంత?" అని అడిగారు.

డబ్బు గొడవ కాదండీ అంటే, "డబ్బు అని నేననలేదుగా" అన్నారు. తర్వాత విడమరిచి చెప్పారు. పరలోక ప్రార్థనలో అపరాధములు అని మనం చెప్పుకునే చోట, మత్తయి 6:12లో, గ్రీకులో ఉన్న మాటకి అసలు అర్థం అప్పులు. లూకా 11:4లో మొదటి సగం పాపములు అంటుంది, రెండో సగం మాత్రం మనకు అచ్చియున్నవాళ్ల (బాకీ పడ్డవాళ్ల) గురించే మాట్లాడుతుంది. క్షమించు అన్నచోట ఉన్న క్రియ 'అఫియేమి'. వదిలేయడం, విడిచిపెట్టడం, బాకీ కొట్టేయడం. అంటే అది ముందు ఖాతా పని, మనసు కరగడం ఆ తర్వాత. "ఎంతో తెలియని బాకీని ఎవరూ కొట్టేయలేరు నాన్నా. నువ్వు లెక్క చూడకుండానే చించేద్దామని చూస్తున్నావు, అందుకే అది మళ్లీ మళ్లీ లేస్తోంది."

మత్తయి 18లో కనికరంలేని దాసుడి ఉపమానం అందరం ఎన్నోసార్లు విన్నదే: రాజు తన పదివేల తలాంతుల అప్పు కొట్టేసినా, తనకి నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుణ్ని వదలనివాడి కథ. ఆవిడ దాన్ని లెక్క కట్టి చూపించారు. ఒక దేనారము కూలివాడి ఒక రోజు కూలి. ఒక తలాంతు అంటే సుమారు ఆరు వేల దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్లు. తీరే అప్పు కాదు. ఇది ప్రసంగాల్లో చెబుతారు. చెప్పనిది రెండోది. తోటి దాసుడు అచ్చియున్న నూరు దేనారాలంటే మూడు నెలలకు పైగా కూలి. "అది చిల్లర అని ఎవరైనా అంటే నమ్మకు. మూడు నెలల కూలి పోతే ఇల్లు గడవదు. యేసు నీ బాకీని చిన్నదనలేదు. పెద్దదాని పక్కన పెట్టి చూడమన్నాడు, అంతే." ఈ ఒక్క మాటకే నేను ఆవిడకి రుణపడి ఉన్నాను. చిన్న విషయమే కదా, వదిలేయ్ అని అప్పటిదాకా పదిమంది చెప్పారు. చిన్నది కాదు అని చెప్పిన మొదటి మనిషి ఆవిడే.

ఇంకెవరికైనా పనికొస్తుందని ఆవిడ చెప్పిన పద్ధతి రాస్తున్నాను.

కాగితం మీద వరసకి ఒక్క పని చొప్పున రాయాలి. నన్ను అవమానించారు అని రాయకూడదు, అది తీర్పు. పదిమంది ముందు ఫలానా మాట అన్నారు అని రాయాలి, అది పని. పక్కనే దానివల్ల పోయిందేమిటో రాయాలి: పరువా, నిద్రా, నమ్మకమా, ఏళ్లా. "కావాలనే చేశారు" లాంటివి కాగితం వెనక వైపు. అవతలివాళ్ల మనసులో ఉన్నది మనకి తెలియదు, తెలియనిదాన్ని బాకీలో కలిపితే లెక్క తేలదు. నేను రాసిన పద్నాలుగింట్లో అయిదు వెనక్కి పోయాయి.

మిగిలినవాటిలో తప్పులు కానివి తీసేయాలి. మతిమరుపు, మొరటు మాటతీరు, ఆలస్యం. కొలస్సయులకు రాసిన పత్రికలో 3:13 దగ్గర సహించడం, క్షమించడం రెండూ వేర్వేరుగా ఉన్నాయి. అలవాట్లని సహించాలి, అపరాధాల్ని క్షమించాలి. సహించాల్సినదాన్ని క్షమించబోతే అవతలివాళ్లు ప్రతిదానికీ నేరస్తులవుతారు. క్షమించాల్సినదాన్ని సహిస్తూ కూర్చుంటే లోపల కుళ్లిపోతుంది.

ఆ తర్వాత ఒంటరిగా, దేవుడి ముందు, పైకి వినపడేలా చెప్పాలి. మార్కు 11:25 ప్రకారం ప్రార్థనకి నిలబడ్డచోటే క్షమించొచ్చు. అవతలి మనిషి ఎదురుగా ఉండక్కర్లేదు, బతికి ఉండక్కర్లేదు కూడా. ఒక్కో వరసకీ మూడు వాక్యాలు. ఫలానా పని చేశారు. దానివల్ల ఇది పోయింది. ఈ బాకీ ఇక నేను వసూలు చేయను. అన్నీ కలిపి ఒక్కసారే కొట్టేయకూడదు. మొత్తంగా క్షమించేశాను అంటే పేరు పెట్టని వరస ఒక్కటి మిగిలిపోతుంది, అర్ధరాత్రి లేపేది అదే.

మూడో ఫోన్‌లో ఇది చేయించారు. ఆరో వరస దగ్గర నాకు మూడో వాక్యం రాలేదు. ఆవిడ అందివ్వలేదు, తొందరపెట్టలేదు, ప్రార్థన మొదలుపెట్టి ఆ ఖాళీని పూడ్చలేదు. అవతల కుక్కర్ విజిల్ వేసింది. లేచి స్టవ్ కట్టేసిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, మళ్లీ నిశ్శబ్దం. చాలాసేపటికి, "ఇవాళ రాకపోతే రానీ. ఐదు అయ్యాయిగా. ఆరోది అక్కడే ఉంచు, అబద్ధం మాత్రం ఆడకు" అన్నారు. అప్పుడు ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. దేవుడి పేరు మీద నన్ను తొందరపెట్టని మనిషి ఒకరున్నారని కాబోలు.

ఆ ఆరోది నాలుగో ఫోన్‌లో అయింది.

వసూలు చేయను అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకోవాలట. మనం వసూలు చేసే దారులు చాలా ఉన్నాయి: ఎదురుపడితే తల తిప్పుకోవడం, ఎత్తిపొడుపులు, మూడో మనిషి దగ్గర మోయడం, తర్వాతి గొడవలో పాతది తవ్వడం, వాళ్లకి ఏదైనా పోతే లోపల్లోపల చల్లబడటం. వీటిలో మనం వాడేవేవో గుర్తుపట్టి, అవి ఆపుతున్నానని రాసి తేదీ వేయాలి. కోపం మళ్లీ వచ్చినప్పుడు క్షమించలేకపోయానే అని కుంగిపోనక్కర్లేదు. జ్ఞాపకం వచ్చింది, అంతే. తేదీ చూసుకుని, మళ్లీ వసూలుకి దిగానా లేదా అన్నది ఒక్కటే అడగాలి. దిగితే ఆ వరస మళ్లీ చెప్పుకోవాలి.

ఎన్నిసార్లు క్షమించాలని అడిగిన పేతురుకి యేసు చెప్పిన "డెబ్బది ఏళ్ల మారులు" ఇక్కడే పనికొస్తుందన్నారు. (మన బైబిల్లో ఆ "ఏళ్ల" చూసి పిల్లలు డెబ్బై సంవత్సరాలనుకుంటారు. అది ఎక్కాల్లో ఏడేళ్లు నలభైతొమ్మిది అనే ఏళ్లు, అంటే ఏడులు.) అవతలివాళ్లు అన్నిసార్లు కొత్తగా తప్పు చేయనక్కర్లేదు, ఒక్క తప్పునే మనం అన్నిసార్లు వదలాల్సి రావొచ్చు. ఆదికాండము 4:24లో లెమెకు తన పగని డెబ్బై ఏడంతలు అని లెక్క చెప్పుకున్నాడు. యేసు ఆ లెక్కనే తిరగేశాడు.

ఇక నా కడుపుమంట. దీని గురించి రాయకూడదనే అనుకున్నాను. ఆవిడ దాకా వెళ్లేముందు సంఘపెద్దల దగ్గర కూర్చున్నాం. పావుగంట. బల్లారాధన (ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) దగ్గరపడింది కాబట్టి ఇద్దరినీ చేతులు కలపమన్నారు, ప్రార్థన చేశారు, అయిపోయింది. మత్తయి 5:23-24 చదివి, బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు సమాధానపడు అని గాయపడ్డవాళ్ల వైపు తిరిగి చెప్పారు. వాక్యం ఏమంటోంది? నీ మీద నీ సహోదరుడికి విరోధం ఉందని గుర్తొస్తే వెళ్లమంటోంది. అంటే తప్పు చేసినవాడు లేవాలి! లూకా 17:3లో గద్దించు, మారుమనస్సు పొందితే క్షమించు అని రెండూ ఉన్నాయి; మన దగ్గర మొదటి సగం ఎవరూ చదవరు. మత్తయి 18:15 మొదట ఒంటరిగా వెళ్లమంటుంది, వినకపోతే ఒకరిద్దరితో, ఆ తర్వాతే సంఘం. మనవాళ్లు ఆఖరి మెట్టు నుంచి మొదలుపెడతారు.

ఇంతకంటే ప్రమాదం క్షమాపణనీ సమాధానపడటాన్నీ ఒకటి చేసేయడం. క్షమించడానికి ఒక్కరు చాలు. సమాధానపడటానికి ఇద్దరు కావాలి, ఒప్పుకోలు కావాలి, సమయం కావాలి. రోమా 12:18 కూడా "శక్యమైతే" అనే అంటుంది. యోసేపు తనని అమ్మేసిన అన్నల్ని చూడగానే వాటేసుకోలేదు. తమ్ముడు బెన్యామీను గోనెలో వెండి గిన్నె పెట్టించి, ఒకప్పుడు తమ్ముణ్ని అమ్మేద్దామన్న యూదాయే ఈ తమ్ముడి బదులు నేను బానిసగా ఉంటాను అనేదాకా ఆగాడు. అంత చేసినా, తండ్రి యాకోబు ఐగుప్తులో (ఈజిప్టులో) 17 ఏళ్లు బతికి చనిపోయాక, ఇప్పుడు పగ తీర్చుకుంటాడేమోనని ఆ అన్నలు భయపడ్డారు. పదిహేడేళ్ల తర్వాత కూడా! మనం పావుగంట ఇస్తున్నాం. పౌలు రెండో తిమోతి పత్రిక 4వ అధ్యాయంలో తనకి కీడు చేసిన అలెక్సంద్రు అనే కంచరివాడి ప్రతిఫలం ప్రభువుకి వదిలేశాడు, ఆ వెంటనే వాడి విషయంలో జాగ్రత్త అని తిమోతికి చెప్పాడు. వదిలేయడం, జాగ్రత్తపడటం పక్కపక్కనే ఉన్నాయి.

కొట్టే మనిషిని క్షమించడమంటే ఆ ఇంటికి తిరిగి వెళ్లడం కాదు. ఫిర్యాదు వెనక్కి తీసుకోవడమూ కాదు. 1999 జనవరిలో ఒడిశాలో మిషనరీ అయిన భర్తనీ ఇద్దరు కొడుకులనీ సజీవంగా తగలబెట్టినవాళ్లని క్షమించానని గ్లాడిస్ స్టెయిన్స్ బయటికే చెప్పారు. కేసు దాని దారిన అది నడిచింది, 2011లో సుప్రీంకోర్టు ప్రధాన ముద్దాయికి యావజ్జీవ శిక్షని ఖాయం చేసింది. ఇంత తేడా తెలియనివాళ్లు పంచాయతీకి కూర్చోకపోతే బాగుండు.

సరే, ఇంతటితో ఆపుతాను.

నాలుగో ఫోన్‌లో ఆవిడ ఆ కాగితం పక్కన పెట్టమన్నారు. ఇంకో కాగితం తీసుకుని అవతలివాళ్లకి నేను బాకీ పడ్డవి రాయమన్నారు. నాలుగు వచ్చాయి. వాటికి క్షమాపణ ఎలా అడగాలో రెండుసార్లు అప్పజెప్పించుకున్నారు. "నా వల్ల బాధ కలిగితే క్షమించండి" అన్నాను మొదటిసారి. "ఆ 'తే' తీసెయ్" అన్నారు. కలిగితే కాదు, కలిగించాను. 'కానీ' కూడా తీసేయించారు, ఎందుకంటే దాని తర్వాత వచ్చేదంతా ఎదుటివాడి మీద కేసే. చేసిన పని పేరుతో చెప్పి, దానివల్ల వాళ్లకి పోయిందేమిటో చెప్పి, పూడ్చగలిగింది పూడ్చి, జవాబు అక్కడే ఇమ్మని అడగకుండా లేచి రావాలి. సంఖ్యాకాండము 5:7లో నష్టం పూర్తిగా కట్టి దానిమీద అయిదో వంతు కలపమని ఉంది. జక్కయ్య అనే సుంకరి అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. ఫోన్‌లో మెసేజ్ పెట్టొద్దు, విందుల్లో అడగొద్దు, పక్కన బంధువుని కూర్చోబెట్టుకోవద్దు. ముఖ్యంగా, అడగనివాళ్ల దగ్గరికి వెళ్లి "నిన్ను క్షమించాను" అని ప్రకటించొద్దు. అవతలి చెవికి అది నేరారోపణలాగే వినపడుతుంది. నీ బాకీ సంగతే మాట్లాడు, వాళ్ల బాకీ ఊసెత్తకు.

అలాగే చేశాం. చేతులు కలపలేదు, ఫొటో దిగలేదు. మాట్లాడుకుంటున్నాం, కొంచెం దూరంగానే. దానికి ఎన్నాళ్లు పడుతుందో అన్నాళ్లు పడనీ.

అమ్మగారూ, ఈ పోస్టు మీ దాకా వస్తుందో లేదో. ఆ నంబరుకి మళ్లీ చేస్తే వేరే గొంతు పలికింది. ఎవరు మాట్లాడారో రాసుకోరట. కనీసం ఏ రోజు ఎవరు కూర్చుంటారో ఒక పుస్తకంలో రాసుకోవచ్చు కదా, అందరూ మీ అంత ఓపికగా ఆగరు.

అయ్యో, ఇంకా ఉన్నారు. ఆ నంబరు చీటీ మీద రాసి జేబులో పెట్టిన సంఘంలోని తమ్ముడికి థాంక్స్. రెండు ఫోన్లప్పుడు చర్చి తాళం తీసి, బయటే కూర్చుని, ఏమీ అడగని వాచ్‌మన్ అన్నకి. గ్రీకు మాటలు సరిగ్గానే రాశానా అని పొద్దున్నే చూసిపెట్టిన బైబిల్ కాలేజీ మాస్టారికి, తప్పులుంటే నావి. వాచ్‌మన్ అన్నా, మీ గొడుగు ఇంకా మా ఇంట్లోనే ఉంది, ఆదివారం తెస్తాను.