పూనకానికి గడువు ఉంది, ప్యాకేజీకి లేదు

సంపాదకులు గారికి, నమస్కారాలు.

కొద్దికాలంగా మీ పత్రిక నెల్లూరు జిల్లా అనుబంధంలో, శ్రద్ధాంజలి ప్రకటనలు పడే పేజీలోనే మరో రకం ప్రకటనలు కనిపిస్తున్నాయి. గతించిన మీ ఆత్మీయులతో నేరుగా మాట్లాడిస్తామని, ఆత్మల సందేశాలను అందుకునే శక్తి మీలోనే నిద్రాణమై ఉందని, దానిని మేల్కొల్పే శిక్షణను మూడు అంచెలలో ఇస్తామని, ఫోనులోనైనా హోటలు హాలులోనైనా చేరవచ్చునని వాటి సారాంశం. ఈ శిక్షణకు వారు పెట్టుకున్న పేరు వ్యక్తిగత ఆధ్యాత్మిక ఎదుగుదల. పైన ఒక ఇంటివారి పెద్దకర్మ ఆహ్వానం, దాని కిందనే ఆ ఇంటివారిని ఉద్దేశించినట్లుగా ఈ ఆహ్వానం ఉండటం యాదృచ్ఛికమని నేను అనుకోవడం లేదు.

చనిపోయినవారు ఎక్కడైనా ఉన్నారా, ఉంటే మనతో మాట్లాడగలరా అన్న వివాదం ఈ ఉత్తరానికి అక్కరలేదు. పూనకాన్నీ సోదినీ చూసి నవ్వే కోవకు చెందినవాడిని కూడా కాను. అవి ఈ ప్రాంతపు జీవితంలో ఎలా ఇమిడి ఉండేవో చూసినవాడిని గనుకనే, నేడు వాటి స్థానంలో అమ్ముడవుతున్న సరుకు గురించి ఆందోళన పడుతున్నాను.

గ్రామదేవత కొలుపుల్లో పూనకం వచ్చిన ఇల్లాలిని దగ్గరగా చూసినవారికి అందులోని పద్ధతి తెలుసు. పంబల మోతలో, సాంబ్రాణి పొగలో ఆమె ఊగిపోతుంటే పెద్దవాళ్ళలో ఒకరు ముందుకు వచ్చి, వేపమండ చేతికిచ్చి, "ఎవరమ్మా నువ్వు? ఏం లోటు చేశాం తల్లీ?" అని అడుగుతారు. మూడేళ్ళుగా నాకు చీర పెట్టలేదనో, పొంగళ్ళు మానేశారనో, ఈ ఇంట్లో ఆడబిడ్డ కన్నీళ్ళు పెడుతుంటే చూస్తూ ఊరుకున్నారనో జవాబు వస్తుంది. ఆ మాట అమ్మవారిదా, కాపురానికి వచ్చిననాటి నుంచి నోరు మెదపని ఆ కోడలిదా అని అక్కడ ఎవరూ తర్కించరు. తప్పయిపోయిందని చెంపలు వేసుకుని, పెడతామని మాట ఇచ్చి, కర్పూర హారతి పట్టి, పసుపు నీళ్ళు చల్లి శాంతింపజేస్తారు. మర్నాడు ఆమె అందరితో పాటు నాట్లకు పోతుంది. తన పేరు వెనుక మాస్టర్ అని తగిలించుకోదు. ఆ మాట పలకడానికి ఒక రోజు, ఒక చోటు ఉన్నాయి. దానికి ఊరంతా సాక్షి. చెల్లించవలసిన బాధ్యత విన్నవారిది.

సోది సంగతీ ఇంచుమించు ఇంతే. ఎరుకలసాని వాకిట్లో కూర్చుని, చేటలో బియ్యం పోయించుకుని, కంచి కామాక్షిని, మధుర మీనాక్షిని, బెజవాడ కనకదుర్గను పేరుపేరునా పిలిచి, ఆ ఇంట్లో పోయినవారి గొంతుతో నాలుగు మాటలు చెప్పి, ఆ బియ్యమూ ఒక పాత చీరా పుచ్చుకుని పక్క వీధికి వెళ్ళిపోయేది. ఆ మాటల్లో చాలా భాగం ఏ ఇంటికైనా సరిపోయేవేనని చుట్టూ కూర్చున్న అమ్మలక్కలకు తెలియక కాదు. ఆ నెపాన పదిమంది మధ్య కూర్చుని ఏడవడానికి ఆ ఇంటి ఆడవాళ్ళకు వీలు దొరికేది.

ఇక మన కర్మకాండలో పోయినవారికీ మనకూ నడుమ మధ్యవర్తిత్వం చేసేది కాకి. పెన్న రేవులో పిండం పెట్టి దూరంగా నిలబడ్డాక అది వచ్చి ముట్టకపోతే ఏమి జరుగుతుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. కాకి చెట్టు దిగదు. ఎండ ఎక్కుతూ ఉంటుంది. "ఏదో మనసులో పెట్టుకుని పోయాడురా" అని ఎవరో అంటారు. చెల్లెలి పెళ్ళి నా బాధ్యత అని పెద్దకొడుకు గట్టిగా అంటాడు. పొలం గొడవ ఇక ఎత్తనని రెండోవాడు, ఇష్టం లేకపోయినా, అంటాడు. అప్పటికీ రాకపోతే వరసకు బాబాయి అయ్యే పెద్దాయన, "మీ అమ్మను ఎవరి దగ్గర ఉంచుకుంటారో చెప్పండ్రా, వాడు అదే అడుగుతున్నాడు" అని అందిస్తాడు. ఆ మాట కూడా అయ్యాక కాకి వాలితే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పక్షిశాస్త్రం దీనికి ఏ కారణం చెప్పినా, బంధువుల ఎదుట పైకి అన్న ఆ మాటలు ఆ ఇంటిని కొన్నేళ్ళపాటు కట్టి ఉంచుతాయి. ఇంతకంటే నిజాయితీగల మధ్యవర్తిని నేను ఎరుగను. కాకి రుసుము అడగదు, వచ్చే వారం మళ్ళీ రమ్మనదు.

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలోనూ పోయినవారే మధ్యవర్తులు. పన్నెండుమంది అమరుల సమాధుల చెంత, కోరిక తీరినవారు తెచ్చిన రొట్టెను కోరిక ఉన్నవారు అందుకుని, తమది తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరి చేతిలో పెడతారు. అక్కడ కూడా పుచ్చుకున్నవారికి ఒక బాధ్యత మిగులుతుంది. క్రైస్తవ సోదరుల సమాధుల పండుగలో కొవ్వొత్తి వెలిగించి కూర్చునేవారికైతే ఎవరి మధ్యవర్తిత్వమూ అవసరం లేదు.

ఇప్పుడు ప్రకటనల్లోని పద్ధతి చూడండి. జాతీయ రహదారి మీద ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి, మా వీధిలోని ఆవిడే, ఇటువంటి సంభాషణకు నన్ను తోడుగా కూర్చోమన్నారు. ఫోను తెర మీద కనిపించిన వ్యక్తి కళ్ళు మూసుకుని, "నీళ్ళు కనిపిస్తున్నాయమ్మా, నీళ్ళ దగ్గర సంతోషంగా ఉన్నాడు" అన్నారు. పెన్న ఒడ్డున, కాలువల కింద, రొయ్యల గుంటల మధ్య, సముద్రానికి పిలుపు దూరంలో బతికే నెల్లూరువాళ్ళలో నీళ్ళు లేని జ్ఞాపకం ఎవరికి ఉంటుంది? ఆ తల్లి వెంటనే మైపాడు బీచి అన్నారు, స్నేహితులన్నారు, అక్కడ తీసుకున్న ఫొటో అన్నారు. కొంతసేపటికి అదే మైపాడు, అవే ఫొటోలు కొడుకు పంపిన సందేశంగా తిరిగి ఆమెకే వినిపించాయి. ఛాతీలో బరువుగా ఉందని కూడా ఆ తెర మీది వ్యక్తి అన్నారు. ప్రమాదంలో పోయినవారి విషయంలో ఆ మాట తప్పిపోయే అవకాశం తక్కువ. చివర్లో, అబ్బాయి ఇంకా ఏదో చెప్పాలంటున్నాడని, కానీ సమయం అయిపోయిందని, తరువాతి దానికి ముందే బుక్ చేసుకోమని చెప్పారు.

ఆమె ముఖంలో ఆ పూట కనిపించిన వెలుగు అబద్ధమని నేను అనను. కాని అది నిలవలేదు. మళ్ళీ ఫోను, మళ్ళీ డబ్బు. ఆ తర్వాత, మీలోనే ఆ శక్తి ఉంది, శిక్షణలో చేరండి అన్నారు. చేతి గాజులు తాకట్టుకు పోయాయి. డబ్బు కంటే పెద్ద నష్టం మరొకటి ఉంది: నమ్మని భర్తతో కొడుకు మాట ఎత్తడమే ఆమె మానేశారు, ఇరుగుపొరుగు దగ్గరకు రావడం తగ్గించారు. ఒకే బిడ్డను పోగొట్టుకున్న ఇద్దరు ఒకే ఇంట్లో విడివిడిగా దుఃఖిస్తున్నారు.

ఈ వ్యాపారం కొత్తదేమీ కాదు. 1848లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో హైడ్స్‌విల్ అనే పల్లెలో ఫాక్స్ అక్కచెల్లెళ్ళ ఇంట తట్టిన చప్పుళ్ళను ఆత్మల జవాబులుగా చెప్పడంతో ఒక ఉద్యమమే మొదలైంది. టిక్కెట్టు ప్రదర్శనలతో దేశమంతా తిరిగిన ఆ అక్కచెల్లెళ్ళలో మార్గరెట్ 1888లో న్యూయార్క్ వేదిక మీద కాలివేళ్ళ కీళ్ళు కదిపి ఆ చప్పుళ్ళు ఎలా వచ్చేవో చేసి చూపింది. మరుసటి ఏడు ఆ ఒప్పుకోలును వెనక్కి తీసుకుంది. ఉద్యమం దేనికీ ఆగలేదు. చేతులు ఆనిస్తే బల్ల దానంతట అదే తిరుగుతుందన్న వేడుకను 1853లో శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే పరీక్షించి, కూర్చున్నవారి చేతులే వారికి తెలియకుండా దానిని నెడుతున్నాయని తేల్చాడు. మన హాస్టళ్ళలో ఆత్మలను పిలుస్తున్నామంటూ పిల్లలు వేలు ఆనించి నడిపించిన నాణేలు కూడా ఆ కారణంతోనే నడిచాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షల మంది యువకులు పోయాక బ్రిటన్‌లో ఈ మధ్యవర్తులకు గిరాకీ విపరీతంగా పెరిగింది. మన దగ్గర 2020, 2021 సంవత్సరాల కోవిడ్ రోజుల్లో ముఖం చూడకుండా, రేవుకు పోకుండా, కాకి కోసం నిలబడకుండా ఆత్మీయులను సాగనంపిన ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు. అర్ధాంతరంగా ఆగిన ఆ దుఃఖమే నేటి ప్రకటనలకు గిరాకీ తెచ్చిందని నా అనుమానం.

పోయినవారి ఉనికి తెలియడం పిచ్చి కాదు, దానికి ప్రత్యేక శక్తి కూడా అక్కరలేదు. వేల్స్‌లో డెవీ రీస్ అనే వైద్యుడు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ప్రచురించిన పరిశీలనలో, దాదాపు సగం మంది పోయినవారు దగ్గరే ఉన్నట్లు అనిపించిందన్నారు. కొందరు చూశామన్నారు, కొందరు గొంతు విన్నామన్నారు. చాలామంది అప్పటివరకు ఆ సంగతి ఎవరికీ చెప్పనే లేదు. అర్ధరాత్రి గేటు చప్పుడైతే ఆయనే వచ్చారనుకున్నానని చెప్పే ముసలమ్మకు మూడు అంచెల శిక్షణ ఎందుకు? ఓపికగా వినే మనిషి చాలు. 2022 నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగ వర్గీకరణ కూడా సంఘం ఆమోదించిన సందర్భంలో వచ్చే పూనకాన్ని జబ్బుగా లెక్కించదు. అదే వర్గీకరణ, ఆరు నెలలు దాటినా, ఆచారం అనుమతించే హద్దు మించి, మనిషిని రోజువారీ పనికి లేవనీయని దుఃఖాన్ని వైద్యం అవసరమైన స్థితిగా గుర్తించింది. ప్రకటనలవారు ఈ రెండవ రకం మనిషినే శిష్యుడిగా చేర్చుకుంటున్నారు.

ఎదుగుదల అన్న మాటకు వస్తాను. అదృశ్య గురువుల సందేశాలు, వాటిని అందుకునే మధ్యవర్తులు, శిష్యులకు మెట్టు మెట్టుగా దీక్షలు, ఇవన్నీ దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) చుట్టూ నూరేళ్ళ కిందటే ఉన్నాయి. అలాంటి వాతావరణంలో జగద్గురువు కాబోతున్నాడని పెంచిన మదనపల్లె బిడ్డ జిడ్డు కృష్ణమూర్తి, 1929లో తన కోసం నెలకొల్పిన సంస్థనే రద్దు చేసి, దానికి వచ్చిన ఆస్తులను ఇచ్చినవారికి తిరిగి ఇప్పించారు. ఆ పీఠం మీద కూర్చోదగినవాడని ఎందరో ఒప్పుకున్న మనిషే ఆ పద్ధతిలో ఎదుగుదల లేదని లేచిపోవడం కంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది? శాస్త్రమే ప్రమాణమనేవారికి గీత 17వ అధ్యాయం నాలుగవ శ్లోకం ఉంది. ప్రేతాలను, భూతగణాలను కొలిచేవారిని అది ఏ గుణంలో చేర్చిందో చూసుకోవచ్చు. నా మటుకు నాది లౌకికమైన కొలబద్ద: సాధన సాగినకొద్దీ మనిషికి గురువు అవసరం తగ్గుతోందా, పెరుగుతోందా? ఇంట్లోవాళ్ళతో మాట పెరుగుతోందా, తగ్గుతోందా?

పాత పద్ధతులన్నీ మంచివని చెప్పడం నా ఉద్దేశం కాదు. దయ్యం పట్టిందని చింతబరికెలతో బాదినవారు, చేతబడి చేసిందని ఒంటరి ఆడదాని మీద పడినవారు ఆ పాతకాలం వారే. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న, దర్గా పక్కన నడిచిన ఒక వసతి గృహంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు కదలలేక 28 మంది ప్రాణాలు కోల్పోయారు. మా పక్కనే ఉన్న జొన్నవాడ కామాక్షమ్మ గుడికి మనసు చెదిరినవారిని తీసుకువచ్చి, పెన్నలో స్నానం చేయించి, అమ్మవారి సన్నిధిలో నిద్ర చేయించే కుటుంబాలను చూస్తుంటాను. మాట్లాడని కొడుకును అరుగు మీద కూర్చోబెట్టి పెరుగన్నం కలిపి నోట్లో పెట్టే తల్లిని ఎవరు తప్పుబడతారు? ఆ నిద్రతో పాటు మందు కూడా ఆగకుండా చూడమని మాత్రమే వారికి చెప్పగలం.

చట్టాల సంగతి. తాయెత్తులతో, మంత్రాలతో జబ్బులు నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించే చట్టం 1954 నుంచి ఉంది. ఆ చట్టంలోని జబ్బుల పట్టికలో దుఃఖం లేదు గనుక ఈ ప్రకటనలు దాని పక్కనుంచి జారిపోతున్నాయి. మూఢనమ్మకాల మీద మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో చేసిన చట్టాలు ప్రధానంగా హింసకు, అమానుష చర్యలకు సంబంధించినవి. బ్రిటన్‌లో మోసకారి మధ్యవర్తుల కోసమే 1951లో చేసిన చట్టాన్ని 2008లో రద్దు చేసి, ఆ వ్యవహారాన్ని వినియోగదారుల రక్షణ నిబంధనల కిందికి తెచ్చారు. మనకూ ఆ దారే మేలనిపిస్తుంది. ఎవరి నమ్మకం జోలికీ పోనవసరం లేదు. డబ్బు పుచ్చుకుని సేవ అమ్మేవారు తాము చెప్పినది ఇవ్వగలరా అని అడిగితే సరిపోతుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటనలకు, వాటిని సమర్థించే ప్రముఖులకు పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. జిల్లా అధికారులు ఈ కోణం నుంచి ఈ ప్రకటనలను పరిశీలించాలని కోరుతున్నాను.

మీకు నా విన్నపం అంతకంటే చిన్నది. చనిపోయినవారితో మాట్లాడిస్తామనే ప్రకటనలను పూర్తిగా మానుకోలేకపోతే, కనీసం శ్రద్ధాంజలి పేజీలో వేయకండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవకు 14416 నంబరు ఉంది. పగలైనా రాత్రైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు చెల్లించనక్కరలేదు. ఆ నంబరును ఆ పేజీ అడుగున ప్రతిరోజూ ఒక్క వరుసలో వేయించండి. ఈ ఉత్తరం ప్రతిని మీ ప్రకటనల విభాగానికి కూడా విడిగా పంపుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బుచ్చిరెడ్డిపాళెం, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.