బడి మూడేళ్ల ప్లాను గురించి, పర్లాకిమిడి బావగారికి

టకోమా, వాషింగ్టన్ రాష్ట్రం
అక్టోబరు 5

బావగారికి నమస్కారం. అక్కకి, గుంటలకి మా అందరి అభిమానం చెప్పండి.

బడి కమిటీ ప్లాను ఎలా రాయాలని అడిగారు. విద్యాహక్కు చట్టం 22వ సెక్షను కింద అది కమిటీ పనే. కేంద్రం నమూనా నిబంధనల ప్రకారం మూడేళ్లకి రాసి, మార్చి 31కి మూడు నెలల ముందే సిద్ధం చెయ్యాలి. అంటే డిసెంబరు ఆఖరే మీ గడువు. ఇక్కడ స్కూలు డిస్ట్రిక్టులు భవనాలకి ఆరేళ్ల ప్లాను రాస్తాయి. బాండ్ల అప్పుతో కట్టాలంటే నూటికి అరవై ఓట్లు రావాలి కాబట్టి పిల్లల లెక్క తప్పితే జనం ముందు పరువు పోతుంది. అందుకే ముందు లెక్క, తరవాతే గదులు.

లెక్క కష్టం కాదు. నిరుడు ఒకటిలో 20 మంది ఉండి, ఇప్పుడు రెండులో 18 మంది ఉంటే నిష్పత్తి 0.90. ప్రతి తరగతికీ అయిదేళ్ల నిష్పత్తులు తీసి సగటు కట్టండి. ఇప్పటి తరగతి లెక్కని ఆ సగటుతో గుణిస్తే వచ్చే ఏడాది పై తరగతి అంచనా వస్తుంది. ఒక్క ఏడాదిది నమ్మొద్దు, చిన్న బడిలో రెండు కుటుంబాలు వలసపోతే అంకె తలకిందులవుతుంది. ఏటా ఒకే తేదీ లెక్క వాడండి, సెప్టెంబరు 30 అనుకోండి. ఒకటో తరగతికి మాత్రం నిష్పత్తి పనికిరాదు. వచ్చే మూడేళ్లలో చేరేవాళ్లు ఇప్పటికే అంగన్‌వాడీ రిజిస్టరులో ఉన్నారు. అయిదు, నాలుగు, మూడేళ్ల వాళ్లని విడివిడిగా రాసుకోండి. పేరు ఇక్కడ, చదువు పాతపట్నం ప్రైవేటు బడిలో అయితే ఆ పేరు కొట్టెయ్యండి. హెడ్మాస్టరు మొహమాటపడినా సరే.

మీది ఒడిశా కాబట్టి తెలుగు పిల్లల్ని వేరుగా లెక్కపెట్టండి, అసలు పట్టు ఇక్కడే ఉంది. భాషా అల్పసంఖ్యాకులకి మాతృభాషలో ప్రాథమిక చదువు గురించి రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతుంది. 1949 నాటి విద్యామంత్రుల తీర్మానం ప్రకారం తరగతికి పదిమంది, లేదా బడి మొత్తానికి నలభైమంది ఉంటే ఆ భాష టీచరుని ఇవ్వాలి. ఆ 'లేదా' వదలకండి. మూడో తరగతిలో ఆరుగురే ఉన్నా బడిలో నలభై దాటితే చాలు. యూడైస్‌లో, అదే బడుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పట్టికలో, మాతృభాష గడి చూడండి. అందరికీ ఒడియా అని నింపేసి ఉంటే మన గుంటలు కాగితం మీద లేనట్టే. తెలుగు కావాలన్న తల్లిదండ్రుల దరఖాస్తులు కొత్త ఏడాదికి ముందే తీసుకుని, రిజిస్టరులో ఎక్కించి, నకలు ఉంచుకోండి. తెలుగు మాస్టారు రిటైరయ్యే నెల కూడా ప్లానులో రాయండి. పోస్టు ఖాళీ అయ్యాక అడిగితే తెలుగు సెక్షను ఈలోపే చెదిరిపోతుంది.

ఒకటి నుంచి అయిదు దాకా 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు. ఇద్దరితో అయిదు తరగతులా! చట్టం ఒప్పుకున్నా నా మనసు ఒప్పదు. మీ అంచనా 58, 62 మధ్య ఊగుతుంటే పై ఏడాది తేదీతో మూడో టీచరుని అడగండి. టీచరుకొక గది, హెడ్మాస్టరుకి ఆఫీసు, స్టోరు కలిపి ఒక గది చట్టంలోనే ఉన్నాయి, కాబట్టి గది కూడా ఆ అంకె వెంటే వస్తుంది.

కొత్త గది కంటే ముందు శ్లాబు చూడండి. వాన వెలిసిన వెంటనే లోపల తడి మచ్చ చుట్టూ సుద్దతో గీత గీసి తేదీ వెయ్యండి. రెండో వానకి మచ్చ పెరిగితే మేడెక్కి నీళ్ల గొట్టం మూసుకుందేమో, పిట్టగోడ మీద రావి మొక్క మొలిచిందేమో వెతకండి. పైనుంచి నీరు దిగుతుండగా లోపల సున్నం వేయిస్తే డబ్బు దండగ. రేకులుంటే కొక్కేలు, బోల్టులు అక్టోబరు గాలికి ముందే బిగించాలి. 2018లో తిత్లీ తుపాను వచ్చింది ఈ నెలలోనే కదా. మరుగుదొడ్లు అడిగేటప్పుడు నీటి ట్యాంకు, పైపు కూడా అదే పద్దులో రాయండి, లేకపోతే తాళమే మిగులుతుంది.

అయిదు నిష్పత్తులకి ఆరేళ్ల అంకెలు కావాలి కాబట్టి ఆరేళ్ల హాజరు పట్టీల్లో సెప్టెంబరు పేజీలు ఫోనులో ఫొటో తీసి పంపండి. నిష్పత్తులు నేను కట్టి పంపుతాను, నవంబరు సమావేశంలో అందరి ముందూ చదవండి.

ఉంటాను బావగారూ,
మీ మరిది