తెఫిల్లీన్ గురించి దావీదుకు నాన్న ఉత్తరం

చిరంజీవి దావీదుకు,

షాలోం. నాన్న దీవించి వ్రాయునది. కొత్తరెడ్డిపాలెంలో మేమందరం క్షేమంగా ఉన్నాం. మొన్న ఫోనులో నువ్వు తెఫిల్లీన్ గురించి, అదే ప్రార్థనప్పుడు చేతికీ తలకూ పట్టీలతో కట్టుకునే లేఖనాల తోలు పెట్టెల గురించి, ఒకదాని వెనుక ఒకటిగా అడిగిన సందేహాలకు అప్పటికప్పుడు నోటిమాటగా జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. కాగితం మీద ఉంటే పొద్దున్నే చేతిలో పట్టుకుని సరిచూసుకుంటావు. నేను తేల్చకూడని చోట అదే కాగితాన్ని ముంబైలో మతగురువైన రబ్బీ ముందు పెడతావు.

అన్నిటికన్నా ముందు ఏ చేతికి కట్టుకోవాలన్న సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ ఎవరికైనా వచ్చే సందేహాలే గాని ఇది నీకు ప్రత్యేకంగా వచ్చింది. తెఫిల్లీన్‌ను బలం తక్కువైన చేతికి కట్టుకోవాలి, అంటే కుడిచేతి వాటం వాళ్ళు ఎడమ చేతికి, ఎడమచేతి వాటం వాళ్ళు కుడి చేతికి కట్టుకుంటారు. నువ్వు పుట్టుకతో ఎడమచేతి వాటం వాడివి. బంతి విసిరినా, సుత్తి పట్టినా ఎడమ చెయ్యే ముందుకొస్తుంది. అయితే పురచేత్తో రాస్తే ఊరుకోని రోజులు కనుక మీ నాయనమ్మా, బళ్ళో పంతులుగారూ కలిసి నీచేత కుడిచేత్తోనే రాయించారు. ఇలా రాత ఒక చేతిదీ మిగతా పనులు ఇంకో చేతివీ అయినవాడి గురించి మన ధర్మశాస్త్ర నియమాల గ్రంథం షుల్హాన్ అరూఖ్ 27వ అధ్యాయంలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి: మిగతా పనుల్లో బలహీనంగా ఉన్న చేతికే కట్టాలని ఒకటి, రాసే చేతినే కుడి చెయ్యిగా లెక్కపెట్టి రెండో చేతికి కట్టాలని మరొకటి. క్రాకోవ్ రబ్బీ మోషే ఇస్సెర్లెస్ ఆచారం రెండో విధంగా ఉందని దాని పక్కనే రాశారు. దాని ప్రకారం నువ్వు ఇప్పటివరకు ఎడమ చేతికి కట్టుకుంటున్నది సరైనదే. కానీ నీ రాత నీ అంతట వచ్చింది కాదు, పెద్దవాళ్ళు అలవాటు చేయించింది. ఆ తేడాకు విలువ ఉందో లేదో చెప్పే అర్హత నాకు లేదు. రబ్బీని అడిగేటప్పుడు నేను ఎడమచేతి వాటం అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోకు. దేనితో రాస్తావో, దేనితో అన్నం తింటావో, దేనితో బరువు ఎత్తుతావో విడివిడిగా చెప్పు. ఒకవేళ ఆయన కుడి చేతికి మార్చమంటే, చేతి పెట్టె దగ్గరి ముడి ఎప్పుడూ గుండె వైపు ఉండాలి కనుక, ఇప్పుడున్న ముడిని విప్పి రెండో వైపుకు కట్టించుకోవలసి వస్తుంది. ఆ పని తెలిసిన చేతుల మీదుగానే జరగాలి.

చేతి పెట్టె కండ మీద, మోచేతికీ భుజానికీ మధ్య ఉన్న ఎముక కింది సగంలో ఉబ్బెత్తుగా ఉండే చోట కూర్చోవాలి, చెయ్యి దించినప్పుడు అది గుండె వైపు కొద్దిగా ఒరగాలి. హీబ్రూ యూద్ అక్షరం ఆకారంలో ఉన్న ఆ చిన్న ముడి పెట్టెను తాకుతూ ఉండాలి. పట్టీ లాగేటప్పుడు అది జరిగి మధ్యలో సందు పడుతుంది, కాబట్టి బొటనవేలితో నొక్కిపట్టి బిగించు. చొక్కా చెయ్యి పెట్టె కిందికి రాకూడదు. గడియారం పెట్టె కింద ఉండదు గాని పట్టీ చుట్లకు అడ్డొస్తుంది కనుక తీసి పక్కన పెట్టడం మంచిది.

తల పెట్టె విషయంలో నీ వయసు వాళ్ళు ఎక్కువగా పొరపడతారు. కన్నుల నడుమ అని ద్వితీయోపదేశకాండంలో చదివి, పెళ్ళిలో బాసికం కట్టినట్టు నుదుటి మీదికి జారనిస్తారు. పెట్టె కింది అంచు వెంట్రుకలు మొలిచే గీత కన్నా కిందికి రాకూడదు. కన్నుల నడుమ అన్నది అటూ ఇటూ ఒరగకుండా సరిగ్గా మధ్యన అనడానికి మాత్రమే. పైన హద్దు, పసిబిడ్డకు మాడు మెత్తగా ఉండే చోటు. ముందు జుట్టు పలచబడితే గీత వెనక్కి జరగదు, మొదట ఎక్కడ మొలిచిందో అదే గీత. వెనుక ముడి పుర్రె అడుగున, మెడ మీది జుట్టు మొదలయ్యే చోటుకు పైనే ఉండాలి. ఈ రెండూ చూసుకోవడానికి అద్దం వాడవచ్చు. తలస్నానం చేసిన వెంటనే తడి జుట్టు మీద పెట్టుకోకు, తోలు ఉబ్బి అడుగు వంకర పోతుంది. కొబ్బరినూనె రాసుకుంటే తెఫిల్లీన్ విప్పిన తరువాత రాసుకో. నుదుటి మీదికి పడేలా ముందు జుట్టు పెంచి, దాన్ని వెనక్కి దువ్వి దాని మీద పెట్టె నిలబెట్టే ఈ కాలపు ముచ్చట నాకెలాగూ నచ్చదు. నా ఇష్టాన్ని పక్కన పెట్టినా, ఆ జుట్టు పెట్టెకూ తలకూ మధ్య అడ్డు అవుతుందని పెద్దలు అన్నారు.

చేతిది ముందు, తలది తరువాత. విప్పేటప్పుడు తలది ముందు, చేతిది తరువాత. ఈ వరుస నీకు తెలుసు. నువ్వు అడిగింది మధ్యలో మాట్లాడటం గురించి. నీ తెఫిల్లీన్ సెఫార్దీ పద్ధతిలో, అంటే స్పెయిన్ మూలపు యూదుల ఆచారంలో, ముడులు వేసినవి, నువ్వు వెళ్ళే సమాజమందిరం కూడా అదే ఆచారం పాటించే బాగ్దాదీ యూదులది కనుక, లెహనీయహ్ తెఫిల్లీన్ అన్న ఒక్క ఆశీర్వాదమే చేతికీ తలకూ కలిపి సరిపోతుంది. అష్కెనాజీలు, అంటే ఐరోపా మూలపు యూదులు, తలకు రెండోది కూడా చెబుతారు. పక్కవాడిని చూసి కలపవద్దు. ఒకే ఆశీర్వాదం రెండింటినీ మోస్తుంది కాబట్టే మధ్యలో మాట రాకూడదు. కద్దీష్ స్తుతి ప్రార్థన వినిపించినా జవాబివ్వకుండా ఆగి, విని, తరువాత తల పెట్టె పెట్టుకో. పొరపాటున పలికితే తల కోసం అల్ మిత్స్వత్ తెఫిల్లీన్ అన్న ఆశీర్వాదం వేరుగా చెప్పాలి. ఆ సమయంలో ఫోను మోగనివ్వకుండా చేసుకోవడం నీ చేతిలోని పని.

ఇక రైలు సంగతి. పొద్దున తెఫిల్లీన్ పెట్టుకునే వేళ ఎప్పుడంటే, కొద్దిగా పరిచయం ఉన్న మనిషిని నాలుగు మూరల దూరం నుంచి గుర్తుపట్టగలిగినంత వెలుగు వచ్చినప్పుడు. రాత్రి పెట్టుకోరు. కానీ తెల్లవారకముందే ప్రయాణమైతే, ఇంట్లోనే ముందుగా ఆశీర్వాదం లేకుండా కట్టుకుని, వెలుగు వచ్చాక పెట్టెలను తాకి ఆశీర్వాదం చెప్పుకోవడానికి షుల్హాన్ అరూఖ్ 30వ అధ్యాయంలోనే అనుమతి ఉంది. అయితే ఆ అనుమతి వాడుకునేవాడు మధ్యలో కునుకు తీయకూడదు. సెలవులకు కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేటప్పుడు మాత్రం నీకు ఆ తొందర అక్కర్లేదు. తెల్లవారాక బెర్తు మీద కూర్చుని కట్టుకో. బోగీ చివర తలుపు దగ్గర గాలి బాగుంటుందని వెళ్ళి నిలబడకు, అక్కడ మరుగుదొడ్డి పక్కనే ఉంటుంది, ఆ వాసన వచ్చే చోట ఆశీర్వాదం పలకడం నిషిద్ధం. సంచిని సీటు కింద, కాళ్ళ దగ్గర తోయవద్దు. తలవైపు పెట్టుకో, దాని మీద తల ఆనించి పడుకోకు. విమానమైతే చేతిసంచిలోనే ఉంచి, తనిఖీ చేసేవాళ్ళు అడగకముందే ఇవి ప్రార్థన వస్తువులని నెమ్మదిగా చెప్పు. 2010 జనవరిలో న్యూయార్క్ నుంచి లూయివిల్‌కు వెళ్తున్న విమానంలో ఒక కుర్రవాడు తెఫిల్లీన్ కట్టుకుంటే, పట్టీలనూ పెట్టెలనూ చూసి బాంబేమోనని భయపడి విమానాన్ని ఫిలడెల్ఫియాలో దించేశారు. పక్క సీటు వాళ్ళకు ముందే రెండు ముక్కలు చెబితే ఇలాంటివి చాలా వరకు జరగవు.

ఆఫీసుకు ఆలస్యమైన రోజున అసలు మానేయాలా అని అడిగావు. మానేయవద్దు. పొద్దున కుదరకపోతే సూర్యాస్తమయం లోపు ఎప్పుడైనా కట్టుకోవచ్చు. సమయం మరీ తక్కువైతే షెమా అనే విశ్వాస వాక్యాల పఠనం, నిలబడి చెప్పే ప్రార్థన రెండూ ముగించి విప్పు. తెఫిల్లీన్ లేకుండా షెమా చదివేవాడు తన మీద తానే అబద్ధ సాక్ష్యం చెప్పినట్టని ప్రాచీన గ్రంథం తల్ముద్‌లో ఉల్లా అనే పండితుడు అన్నారు. అవి ఒంటి మీద ఉన్నంతసేపూ శరీరం శుభ్రంగా, మనసు వాటి మీద ఉండాలి. కడుపు చెడి గంటకోసారి మరుగుదొడ్డికి పరుగెత్తే రోజున నీకు మినహాయింపు ఉంది. ఆ రోజు పట్టుదలకు పోకు.

నీ గదిలో అలమరా పైనుంచి సంచి పడిందన్నావు. తొడుగుల్లో, సంచిలో ఉండగా పడింది కనుక నువ్వు ఉపవాసం ఉండనక్కర్లేదు. ఉపవాసం అన్న ఆచారం తొడుగు లేకుండా నేల మీద పడినప్పటిది. దానికి బదులు కూడా నేటి రబ్బీలు చాలామంది దానం చేయమంటారు. నువ్వు కొంత దానం చేసి, పెట్టెల మూలలు నలిగాయేమో వెలుగులో చూడు. పెట్టె, దాని కుట్లు నలుచదరంగా ఉండటం సీనాయి కొండ మీద మోషేకు అందిన నియమం. మూల అణిగితే నలుపు రంగు పూసి కప్పేయడం కుదరదు. ఇకముందు అలమరా పైన కాదు, లోపలే పెట్టు. సంచిని చిలక్కొయ్యకు తగిలించవచ్చు గాని పెట్టెలను పట్టీలతో వేలాడదీయకూడదు. ఆ సంచిలో చిల్లర డబ్బులు, లోకల్ రైలు పాసు వేసుకోవడం కూడా మాను. తెఫిల్లీన్ కోసం కేటాయించిన సంచి వాటికే. లోపల ప్రార్థన శాలువా తల్లీత్ ముందు చేతికి తగిలేలా సర్దు, ఎందుకంటే ముందు తెఫిల్లీన్ తగిలితే వాటిని దాటి తల్లీత్ తీయడానికి వీల్లేదు.

ముంబై వానల గురించి నాకు ఎక్కువ బెంగ. రెండు తెఫిల్లీన్‌లలో కలిపి 3188 అక్షరాలు ఉంటాయి, చేతిదానిలో ఒకే చర్మపత్రం మీద, తలదానిలో నాలుగు అరల్లో నాలుగు పత్రాల మీద. ఒక్క అక్షరం చిట్లినా మొత్తం పనికిరాకుండా పోవచ్చు, అది పైనుంచి కనబడదు. రోజూ కట్టుకునే తెఫిల్లీన్‌ను ఊరికే విప్పి చూడనక్కర్లేదనీ, అప్పుడప్పుడు మాత్రమే కట్టుకునేవాటిని ఏడేళ్ళలో రెండుసార్లు చూపించాలనీ నియమం. కానీ నీళ్ళలో తడిస్తే రోజువారీవైనా తప్పకుండా సోఫేర్ చేత, అంటే ఈ పత్రాలు రాసే లేఖకుడి చేత, విప్పించి చూపించాలి. చెమట పట్టిన పట్టీని ఆరనిచ్చి సంచిలో పెట్టు, ఎండలో మాత్రం పెట్టకు. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి సంచి బయటి అరలో వేసుకో. పట్టీని పెట్టె మీదుగా బిగించి చుట్టవద్దు, అంచులు అరుగుతాయి.

గదిలో ఉన్న స్నేహితుడు నీవి అడిగితే సంతోషంగా ఇవ్వు. అరువు తెచ్చుకున్నవాటి మీద ఆశీర్వాదం చెప్పవచ్చు. అతని తల కొలతకు వెనుక ముడి జరుగుతుంది, తిరిగి ఇచ్చాక నీ కొలతకు సరిచేసుకోవడం మరిచిపోకు. అతను అడగకుండా తీసుకున్నా తప్పు కాదు, ఎలా ఉన్నవాటిని అలా సర్ది పెడితే చాలు. గది దాటించి తీసుకుపోవడం మాత్రం కుదరదు.

విశ్రాంతి దినమైన షబ్బాత్‌కూ పండుగలకూ తెఫిల్లీన్ లేదు, తెఫిల్లీన్ లాగే ఆ రోజులే ఒక సూచన కనుక. పస్కా, పర్ణశాలల పండుగ మధ్య రోజుల్లో మీ మందిరం వాళ్ళు ఎలా చేస్తే అలాగే చెయ్యి, సెఫార్దీలు పెట్టుకోరు. దేవాలయం కూలిన దుఃఖదినం తిషా బె-ఆవ్ నాడు పొద్దున కాక మధ్యాహ్న ప్రార్థనకు కట్టుకునే ఆచారం ఉంది, అదీ అక్కడే కనుక్కో.

మన కొత్త సంవత్సరానికి ముందు వచ్చే ఎలూల్ నెలలో తెఫిల్లీన్ చూపించుకోవడం చాలామందికి అలవాటు. సోఫేర్ దగ్గరికి ఎవరి ద్వారా పంపిస్తారో ఇప్పుడే రబ్బీని అడిగి పెట్టుకో, చివరి నిమిషంలో వెతుక్కోవడం వద్దు. అవి తిరిగి వచ్చేదాకా కట్టుకోవడానికి మందిరంలో ఇంకో జత ఉంటుందేమో కూడా అదే నోట అడుగు. ఖర్చు ఎంతవుతుందో తెలియగానే రాయి, డబ్బు నేను పంపుతాను.

అమ్మ దీవెనలు చెప్పమంది.

నాన్న