ఏం లేదు అంటే ఏంటమ్మా

అమ్మలూ,

ఎట్టా ఉన్నావు. ఇంత పొడుగు మెసేజ్ ఏంటని కంగారు పడబాకు, అందరం బానే ఉన్నాం. ఫోన్ చేస్తే ఎత్తట్లేదు కాబట్టి ఇది ఉత్తరం అనుకుని చదువుకో. షాపులో కూర్చుని టైపు చేస్తున్నా, సీజన్ గదా, మధ్యలో ఎవరన్నా కాటా చీటీ పట్టుకొస్తే ఆపేసి మళ్ళీ మొదలెడతా, ఒకచోట మాట ఇంకోచోట పడితే సర్దుకో.

ఎండలు అప్పుడే ముదిరినయ్యి. అమ్మ మోకాలు అట్టానే ఉంది. జామచెట్టు కొట్టించేద్దామని పెదనాన్న, నేను పోయాక కొట్టుకోండిరా అని నాయనమ్మ, రోజూ ఇదే రగడ. బుల్లెమ్మ ఈనింది, పెయ్యదూడ, నుదుట తెల్లమచ్చ. పేరు నువ్వే పెట్టాలని ఆపి ఉంచాం, ఫోటో కూడా పంపా, నీలం టిక్కులు పడినయ్యి గానీ జవాబు లేదు. ఇవాల్టికి 19 రోజులు. నేనేం లెక్కపెట్టలేదు, ఫోనే చూపిస్తది.

మార్కుల సంగతి నేను అడగట్లేదు, అది ముందే చెప్తున్నా.

రాజేశ్వరత్త వాళ్ళ చంటోడు ఆదివారం వచ్చాడు. వాడు అత్తకి చెప్పాడంట, అత్త పిన్నికి చెప్పిందంట, పిన్ని అమ్మకి చెప్పింది. నీకు హిస్టరీలో 40కి 11 వచ్చినయ్యంట, బెర్లిన్ గోడ పడిపోడానికి కారణాలు రాయమంటే "కారణం మా గుంటూరోడు" అని మొదలెట్టి రెండు పేజీలు రాశావంట, మేడం అది క్లాసులో అందరి ముందూ చదివిందంట, అప్పట్నించి నువ్వు క్లాసుకే పోవట్లేదంట, కోర్సు మానేసి బ్యాంకు కోచింగులో చేరతావంట. ఇన్ని అంటలు ఉన్నాయి కాబట్టి నేను నమ్మలా. అమ్మ నమ్మింది. రాత్రి రెండింటికి లేచి కూర్చుని, దానికి హిస్టరీ వద్దని నేను ముందే చెప్పానా లేదా అంటది. చెప్పలేదు, చెప్పింది నేను. సర్లే, అది వేరే సంగతి.

తలకి నూనె పెట్టుకుంటున్నావా? బెజవాడ ఎండకి నూనె లేకపోతే జుట్టు కొబ్బరిపీచు అయిద్ది.

మొన్న పైన అటక సర్దుతుంటే నీ ఫస్ట్ సెమిస్టర్ నోట్సు దొరికింది. పాత పేపర్లోడికి వేద్దామని తెరిచి, అక్కడే నిచ్చెన మీద కూర్చుని గంట చదివా. పాఠం కన్నా పక్కన పెన్సిల్‌తో నువ్వు రాసిన రాతలే ఎక్కువున్నయ్యి. నెపోలియన్ 1812లో ఆరు లక్షల మందితో రష్యా మీదికి పోతే, పక్కన "స్వెట్టర్ పెట్టుకోమని వాళ్ళమ్మ చెప్పలేదా" అని రాశావు. అది చదివి అమ్మ కూడా నవ్వింది, నవ్వి వెంటనే, చూశావా నా మీద జోకులు అంది. 1914లో సారాయెవోలో ఆస్ట్రియా యువరాజుని కారులో కాల్చి చంపిన సంగతి దగ్గర, రూటు మారిందని డ్రైవరుకి ఎవరూ చెప్పకపోడంతో వాడు పాత దారిలోకే తిప్పి, పొరపాటు తెలిసి సరిగ్గా ఆ తుపాకీ కుర్రాడి ముందు ఆపాడంట గదా, అక్కడ "నాన్నా, దారిలో ఆగి అడిగితే పరువేం పోదు" అని రాశావు. నేను నీకు ఎప్పుడు దారి తప్పించానే? ఆ మంగళగిరి దగ్గర ఒక్కసారి, అదీ రాత్రి పూట.

ఇక ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ. 1789 జూలై 14న పారిస్‌లో జనం బాస్టిల్ కోట మీద పడి పట్టుకుంటే, రాజు ఆ రోజు డైరీలో రాసుకుంది ఒకే ఒక్క మాట, "ఏమీ లేదు". అది వేట పద్దు అంట, ఆ రోజు వేటలో ఏమీ పడలేదని. నాకు నవ్వు రాలా. ముప్పై ఏళ్ళ నించి పద్దులు రాస్తున్నోణ్ణి, పద్దులో సున్నా వేస్తే దుకాణంలో ఏం జరగలేదని కాదు, నువ్వు దేని లెక్క రాస్తున్నావో దాంట్లో సున్నా అని. ఆ రాజుకి నాలుగేళ్ళు కూడా నిండకుండానే తల పోయింది. నేనేమో పోయిన నెల్లో "ఏంటమ్మా సంగతులు" అంటే నువ్వన్నది కూడా అదే మాట. "ఏం లేదు నాన్నా."

నాకా మాట ఎందుకు భయమో చెప్తా. నీకు మూడేళ్ళప్పటి సంగతి, అమ్మకి కూడా సగమే తెలుసు.

మిర్చి యార్డుకి వేసవి సెలవులిచ్చారు. మా షావుకారు గారు నరసరావుపేటలో పెళ్ళికి పోతా పోతా ఒక చీటీ నా చేతిలో పెట్టి, రైతులు అడిగితే ఇది చెప్పు అన్నాడు. నేను చదవకుండా జేబులో పెట్టుకున్నా, చెప్పేదేముందిలే అని. సాయంత్రం పల్నాడు నించి ఒకాయన ఫోన్ చేసి, సరుకు ఎప్పుడు తెమ్మంటారు అన్నాడు. కళ్ళజోడు ఇంట్లో ఉంది, చీటీ అటు తిప్పి ఇటు తిప్పి, కనపడిందేదో చదివి, "నాకు తెలిసినంతవరకు ఇప్పుడే, వేసుకొచ్చేయండి" అన్నా. ఆయన ఊరంతా చెప్పాడు. చీటీ వెనకాల ఉంది, సోమవారం యార్డు తెరిచాక అని. రాత్రి పదింటికి ఏడు ట్రాక్టర్లు, నాలుగొందల టిక్కీలు, అంటే మిరపకాయ బస్తాలు, అంతా తేజ రకం, గేటు ముందు బారుగా నిలబడినయ్యి. గేటుకి తాళం. పైన మబ్బు. పైన బరకం లేని ట్రాక్టర్లు మూడు. తడిస్తే ఆ సరుకు రంగు పోయిన తాలుకాయ కన్నా హీనం, రైతు ఏడాది కష్టం అది. వాచ్‌మన్ పైవాళ్ళకి ఫోన్ల మీద ఫోన్లు, ఎవరూ సరిగా చెప్పరు. సరిగ్గా అప్పుడే షావుకారు గారు పెళ్ళిపందిట్లోంచి ఫోన్ చేసి, "ఏంటయ్యా సంగతులు" అన్నాడు.

నేనన్నా కదా, "ఏం లేదండి."

ఇక ఆగలేక పదకొండున్నరకి వాచ్‌మనే, ఉద్యోగం పోతే పోయిందని తాళం తీశాడు. చినుకులు మొదలయ్యాక ముఠా వాళ్ళని ఇళ్ళకి పోయి లేపుకొచ్చి తెల్లారేదాకా దింపించా. పధ్నాలుగు టిక్కీలు తడిసినయ్యి. వాటి డబ్బు మూడు నెలలు నా జీతంలో పట్టుకున్నారు. నీ మెడలో గొలుసు అప్పుడే పోయింది, జారిపోయిందని అమ్మకి చెప్పా. (ఇది అమ్మకి చూపించబాకు.)

ఇప్పుడు అసలు విషయం. చంటోడి మాట విని, ఈ గుంటూరోడు ఎవడా అని వెతికా. దొరికాడు. గుంటర్ షాబోవ్‌స్కీ! తూర్పు జర్మనీ పార్టీ పెద్దమనిషి. 1989 నవంబర్ 9 సాయంత్రం విలేకర్ల ముందు కూర్చుని, ఎవరో ఇచ్చిన చీటీ ముందుగా చదువుకోకుండా, ప్రయాణాల మీద ఆంక్షలు ఎత్తేస్తున్నాం అన్నాడు, ఎప్పటినించి అంటే కాగితాలు తిరగేసి, నాకు తెలిసినంతవరకు ఇప్పుడే, వెంటనే అనేశాడు. మర్నాడు చెప్పాల్సిన మాటంట, అదీ దరఖాస్తు పెట్టుకునే పద్ధతి అంట. జనం గోడ మీదికి వచ్చి పడ్డారు. గేటు దగ్గర ఆఫీసరు పైకి ఫోన్లు చేసీ చేసీ రాత్రి పదకొండున్నర ప్రాంతంలో తెరిచేశాడు. తూర్పు, పడమర బెర్లిన్‌ల మధ్య 28 ఏళ్ళ గోడ. ఇది చదువుతుంటే నాకు కాళ్ళల్లో వణుకొచ్చింది తల్లీ, పదకొండున్నరే! ఆయన గుంటూరోడు కాకపోతే ఇంకెవరు? నువ్వు రాసింది కరెక్టే.

కరెక్టే గానీ 11 ఎందుకు వచ్చినయ్యో కూడా నాకు అర్థమైంది. లెక్చర్ ఇవ్వట్లా. ఆ చీటీ ఒక్కటే గోడని పడగొట్టలేదు గదమ్మా. అంతకుముందే హంగరీ సరిహద్దు తీసింది, తూర్పు జర్మనీలోనే లైప్‌జిగ్‌లో సోమవారం సోమవారం జనం రోడ్ల మీదికి వచ్చారు, అక్టోబర్ 9న డెబ్భై వేల మంది, అటు సోవియట్ నాయకుడు గోర్బచేవ్ సైన్యాన్ని పంపేది లేదన్నాడు. మబ్బు ముందే పట్టి ఉంది, చీటీ తర్వాత. ఇవన్నీ ముందు వరసగా రాసి, అండర్‌లైన్ చేసి, చివర్లో మన గుంటూరోణ్ణి దించితే ఆ మేడమే నవ్వి 30 వేసేది. కారం తాలింపులో వేసుకుంటారు గానీ అన్నం బదులు వడ్డించరు. చేతిరాత కూడా కొంచెం పెద్దగా రాయి. నీళ్ళు తాగు.

కారం అంటే గుర్తొచ్చింది, నీ నోట్సులో ఇంకో చోట, మిరపకాయ అమెరికా నించి పోర్చుగీసోళ్ళు తెచ్చారు, అప్పటిదాకా మనకి మిరియాలే అని ఉంది. షాపులో చదివి వినిపించా. ఒక రైతు కొట్లాటకి వచ్చాడు, మా తాత ముత్తాతల కాణ్ణించి వేస్తున్నాం అని. శ్రీనాథుడు కొండవీట్లో ఉన్నన్నాళ్ళూ గొడ్డుకారం ఎరగడు అంటే ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడట్లా. చూశావా, నేను కూడా హిస్టరీతో ఇబ్బంది పడుతున్నా.

బ్యాంకు కోచింగు నిజమైతే చెప్పు, తిట్టను. నిజం కాకపోతే చెప్పు, ఇంకా తిట్టను. క్లాసు గుమ్మం దగ్గరికి పెరుగన్నం క్యారేజీ తెచ్చానని పోయినసారి నువ్వు అలిగావు కాబట్టి ఈసారి రావట్లా, గంట ప్రయాణమే అయినా రావట్లా. రేపు బాజీ సరుకు దించడానికి వస్తున్నాడు, వాడితో గోంగూర, కందిపొడి, కొబ్బరినూనె, ఒక స్వెట్టర్ పంపిస్తున్నా. స్వెట్టర్ ఎండల్లో ఎందుకని నేనూ అడిగా, అమ్మ వినలా. గోంగూర సీసా కింద కవర్లో రెండువేలు ఉన్నయ్యి, అమ్మ నాకు చెప్పకుండా పెట్టింది, నేను చూడనట్టు ఊరుకున్నా.

స్టీలు డబ్బాలు మాత్రం బాజీతోనే తిరిగి పంపు, పోయినసారివి రెండు రాలేదని అమ్మ ఇంకా అంటానే ఉంది. దూడకి పేరు పెట్టు. నాయనమ్మ బెర్లిన్ అని పిలుస్తోంది, ఎవరు నేర్పారో తెలీదు.

కాటా చీటీ వచ్చింది, ఉంటా.

మీ నాన్న